ఎగతాళి ఎవరిని చేసినా నొప్పి ఒకటే
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొండ దిగి మైదానం కాలేజీలో మొదటిరోజు నోరు తెరవగానే మన యాస విని వెనక బెంచీలు నవ్వుతాయి. ఆ నవ్వు ఎంత బరువో మీకు మేము చెప్పక్కర్లేదు. కొందరు పిల్లలు దానితోపాటు ఇంకో బరువు కూడా మోస్తున్నారు. నడక వేరని, గొంతు వేరని, మనసు పడే తీరు వేరని వాళ్లను ఏడిపిస్తారు. ఏడిపించేది బయటివాళ్లే కాదు, హాస్టల్ గదిలో మన పిల్లలు కూడా. ఎల్‌జీబీటీక్యూ విద్యార్థులంటే ఎక్కడో పట్నంలో ఉండేవాళ్లు కాదు, మన పక్క మంచం మీద పడుకునేవాళ్లు.

మేము వార్డెన్లం కూడా తప్పు చేశాం. ఒకసారి డిగ్రీ చదివే అమ్మాయి మరో అమ్మాయికి రాసిన ఉత్తరం మా చేతికొచ్చింది. ఆ పిల్లతో ఒక్క మాటైనా మాట్లాడకుండా ఇంటికి ఫోన్ చేశాం. మర్నాడు తండ్రి వచ్చి, ట్రంకు పెట్టెతో సహా తీసుకుపోయాడు. పరీక్షలకు కూడా పంపలేదు. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి పిల్ల. క్రమశిక్షణ కాపాడామనుకున్నాం, ఒక చదువు ఆపేశాం.

తర్వాత పద్ధతి మార్చుకున్నాం. పిల్లలు నమ్మి చెప్పిన మాట, ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప, వాళ్లను అడగకుండా ఎవరికీ చెప్పం. వెక్కిరింపు పేర్లతో పిలవనివ్వం. స్నానాల గదులన్నింటికీ గడియలు పెట్టించాం. అందరి ముందు బట్టలు మార్చుకోలేక కొందరు స్నానమే మానేస్తున్నారని అప్పుడే తెలిసింది.

చట్టమూ తోడుంది. ట్రాన్స్‌జెండర్లకు తమ జెండర్‌ను తామే చెప్పుకునే హక్కుందని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ల స్వలింగ సంబంధం నేరం కాదని 2018లో తీర్పిచ్చింది. కులం, ప్రాంతం, భాష, జెండర్, లైంగికత పేరుతో వేధించినా ర్యాగింగేనని యూజీసీ 2016లో నిబంధనల్లో చేర్చింది. మన యాసనూ వాళ్ల తీరునూ కాపాడేది ఒకే నిబంధన. ఫిర్యాదుకు 1800-180-5522 ఉంది. మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

మీ రూమ్మేట్ ఏదైనా చెబితే పూర్తిగా వినండి. నవ్వకండి, నలుగురికీ చెప్పకండి. భోజనాలకు పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. మేము ఆ రోజు ఆ మాత్రం చేసి ఉంటే, ఆ చెల్లి డిగ్రీ పూర్తిచేసేది.

జై ఆదివాసీ.