దక్షిణాకాశమున తారాగుచ్ఛము - మన వీథిదీపములు
(నెల్లూరు తీరగ్రామముల పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



మేము నేడు వీథిదీపములను గురించి మాటాడ వచ్చితిమి. కాని ముందుగా చీకటిని గురించి చెప్పవలసి యున్నది.

ఆషాఢ బహుళ అమావాస్య దరిదాపుల, రాత్రి తొమ్మిది, పదకొండు గంటల నడుమ, మైపాడు ఇసుకపై నిలిచి దక్షిణముగా చూడుడు. మబ్బు లేకున్న మూలా నక్షత్రమునకు తూర్పున పూర్వాషాఢ, దాని కావల ఉత్తరాషాఢ కానవచ్చును. ఆ రెంటి నడుమ, కొంత ఉత్తరముగా, మసకబారిన చుక్కవంటి దొకటి యున్నది. నిక్కమైన చీకటిలో అది వట్టి కంటికే అందును. దుర్భిణి యున్న మరియు మేలు.

అది ఒక చుక్క కాదు. లక్షలాది నక్షత్రములు నడుమ దట్టముగను, అంచుల పలుచగను కూడియున్న గోళము. 1665లో జర్మనీ దేశస్థుడు అబ్రహాం ఇలే దీనిని కనుగొనెను. శాస్త్రజ్ఞులు ఎం-22 అందురు. దూరము 10,000 కాంతి సంవత్సరములకు పైమాట. అనగా, నేడు మన కంటబడు వెలుగు అచట బయలుదేరిన నాటికి ఈ తీరమున వరిమడియే లేదు. దాని వయస్సు సుమారు 1,200 కోట్ల ఏండ్లు. మన సూర్యునికి 460 కోట్లు మాత్రమే.

ఇట్టి గుచ్ఛములు ఆ దిక్కుననే మెండుగా నుండుట చూచి, హార్లో షాప్లీ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1918లో పాలపుంత కేంద్రము అటువైపు కలదనియు, సూర్యుడు దానికి మిక్కిలి దూరమున నున్నాడనియు తేల్చెను. ఆ దూరము సుమారు 26,000 కాంతి సంవత్సరములని నేటి లెక్క. తన ఊరే లోకమునకు నడిబొడ్డని తలచువారి కిది మంచి పాఠము.

ఈ విద్యతో మన తీరమునకు చుట్టరికము కలదు. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుండి ఎగసిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహము నందలి దూరదర్శినితో మన శాస్త్రజ్ఞులు ఇట్టి గుచ్ఛములను పరిశీలించిరి.

మన బిడ్డలు ఎం-22ను చూచుటకు రాకెట్టు అక్కరలేదు, చీకటి చాలును. ఆ చీకటియే తరుగుచున్నది. దీపపు వెలుగు బాటపై పడవలెను గాని ఆకాశమున కెగయరాదు. వృథాగా పైకి పోవు వెలుగునకును పంచాయతీయే కరెంటు బిల్లు చెల్లించుచున్నది. ఒడ్డున గుడ్డు వెడలిన తాబేటి పిల్లలు ఆ వెలుగునే కడలియని భ్రమించి, ఊరివైపు ప్రాకి నశించుటయు కలదు.

మేము దీపములు వలదనుట లేదు. చీకటి వీథిలో స్త్రీలును వృద్ధులును పడు ఇడుము లెరుగుదుము. దీపమునకు పైన మూత వేయించుడు. దాని తల నేలకు వంచుడు. ఒడ్డున అక్కరకు మించినవానిని ఆర్పుడు. వచ్చు సమావేశమున ఇంతమాత్రము తీర్మానింపుడు. పిమ్మట ఒక అమావాస్య రాత్రి బడిపిల్లలను ఒడ్డునకు తోడ్కొని పొండు.