దస్తావేజులో రాసిన ధర

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ. 1982లో ఈ తేదీనే నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను సర్కారు దయతో వేసే భిక్ష కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఇలాంటి రోజున పన్నులు తగ్గాలి, సర్కారు అదుపు తగ్గాలి అని నేను మాట్లాడబోతున్నాను. "మన పింఛను వచ్చేదే పన్నుల్లోంచి కదా, ఈయనకు మతి పోయిందా" అని మీలో కొందరు అనుకుంటారు. చివరిదాకా విని, అప్పుడు తిట్టండి.

నాకు పన్నెండేళ్లున్నప్పుడు, 1962లో, మన చిత్తూరు లోక్‌సభ స్థానానికి ఉప ఎన్నిక వచ్చింది. స్వతంత్ర పార్టీ తరఫున ఆచార్య ఎన్.జి.రంగాగారు నిలబడి గెలిచారు. 1959లో రాజాజీ పెట్టిన ఆ పార్టీకి రంగాగారే అధ్యక్షులు. పర్మిట్లు, లైసెన్సుల రాజ్యం వద్దన్నది వారి మాట. గోడలమీద నక్షత్రం గుర్తు చూసి మా నాయన, "వీళ్లు భూస్వాముల మనుషులురా" అనేవాడు. నేనూ అదే నమ్మాను. ఆ నమ్మకంతోనే 1972లో రిజిస్ట్రేషన్ శాఖలో గుమాస్తాగా చేరాను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, మళ్లీ మదనపల్లె, ఇలా ముప్పయ్యారేళ్లు గడిచాయి. నా అభిప్రాయాన్ని మార్చింది పుస్తకాలు కాదు, బాడుగ ఇళ్లూ దస్తావేజులూ.

మొదట బాడుగ ఇళ్ల సంగతి. నేను మదనపల్లెకు వచ్చిన కొత్తలో ఇంటికోసం నెలరోజులు తిరిగాను. తాళం వేసిన పాతమిద్దెలు నాలుగైదు కనిపించాయి. ఒక పెద్దాయనను అడిగితే, "నాయనా, నువ్వు సర్కారు మనిషివి, చట్టం తెలిసినవాడివి. నీకిస్తే ఇల్లు నీదే అవుతుంది" అని నవ్వి పంపించేశాడు. ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. మున్సిపాలిటీలకు 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం వర్తించేది. అద్దె పెంచాలన్నా, మనిషిని ఖాళీ చేయించాలన్నా రెంట్ కంట్రోలరు దగ్గరికి పోవాలి. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన ఇళ్లకు మాత్రం మినహాయింపు. ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లకు రెండు న్యాయాలన్నమాట. పాతింటి యజమానికి ముప్పై రూపాయలొస్తుంటే మిద్దె కారినా బాగుచేయించడు. ఈ తేడా సమానత్వానికి విరుద్ధమని 1983 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టేసింది. అదే డిసెంబరులో సర్కారు, కొత్త కట్టడాలకు పదేళ్లపాటు మినహాయింపు ఇస్తూ ఉత్తర్వు తెచ్చింది. ఎందుకంటే, మినహాయింపు లేకపోతే బాడుగకిచ్చేందుకు ఇల్లు కట్టేవాడే ఉండడని సర్కారుకూ తెలుసు.

కుప్పం బదిలీ అయినప్పుడు చూడండి. అది అప్పట్లో పంచాయతీ. రెండు రోజుల్లో ఇల్లు దొరికింది. ఏటా బాడుగ పెంచుతానని యజమాని ముందే చెప్పాడు, పెంచాడు కూడా. నాకు కష్టంగానే ఉండేది. కానీ మిద్దె కారితే మనిషిని పిలిపించి బాగుచేయించేవాడు. నేను పోతే ఇంకొకరు వస్తారన్న ధైర్యం ఆయనకు, ఈ ఇల్లు కాకపోతే ఇంకొకటి దొరుకుతుందన్న ధైర్యం నాకు ఉండేవి.

ఇక రెండో సంగతి. ఇది చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగా ఉంది.

పుంగనూరులో పనిచేసే రోజుల్లో, 1986లో, మా ఇంటావిడ గాజులు అమ్మి ఒక ఊళ్లో అరవై అంకణాల స్థలం కొన్నాను. ఊరి పేరు వదిలేస్తున్నాను. ఇచ్చింది ఇరవైనాలుగు వేలు, దస్తావేజులో రాయించింది తొమ్మిది వేలు. ఆఫీసు పుస్తకంలో ఆ వీధికి ఉన్న ధరకు సరిపోయింది కాబట్టి అడిగేవాడు లేడు. స్టాంపు డ్యూటీ అప్పట్లో ఇప్పటికంటే బరువు. అందరూ అలాగే రాయించేవారు. నేను ఏ రోజూ దాన్ని అబద్ధం అనుకోలేదు, ఆనవాయితీ అనుకున్నాను.

1993లో ఆ పక్కనే రోడ్డు వెడల్పు చేయడానికి స్థలాలు తీసుకున్నారు. నష్టపరిహారం కట్టాలంటే చుట్టుపక్కల జరిగిన అమ్మకాల పట్టిక కావాలి. 1894 నాటి చట్టం కింద అదే పద్ధతి. ఆ పట్టికను నా చేత్తోనే రాశాను. మూడో వరుసలో ఉన్నది నా దస్తావేజే. నా స్థలం రోడ్డులో పోలేదు. పోయింది ఎదురుగా బోండాలు వేసుకునే ఒక ముసలామెది. ఆమె ఆఫీసుకొచ్చి, "నాయనా, నా జాగా అంత పలుకుతుందంటిరే, కాగితంలో ఇంతేనా?" అని అడిగింది. "చుట్టుపక్కల ధర అంతే ఉందమ్మా" అన్నాను. ఆ ధర రాయించినవాళ్లలో నేనూ ఒకణ్ణని చెప్పలేదు. ఆమె నాకు దండం పెట్టి వెళ్లిపోయింది.

2013లో కొత్త భూసేకరణ చట్టం వచ్చి పరిహారం పెరిగింది. కానీ దానికీ మొదటి మెట్టు, రిజిస్టరైన దస్తావేజుల్లోనూ సర్కారు పుస్తకంలోనూ ఉన్న ధరే.

ఆ ఏడాదే నేనూ మా ఇంటావిడా ఇంగ్లండులో అమ్మాయి దగ్గర కొన్ని నెలలు ఉన్నాం. అల్లుడు ఇల్లు కొనాలని తిరుగుతూ నన్నూ తీసుకెళ్లేవాడు. ఇళ్లమ్మే దుకాణాల అద్దాలమీద ధరలు చూస్తే 2,49,950 పౌండ్లవి బోలెడు. రెండున్నర లక్షలు దాటి కొంచెం పైనున్న ధరలు కనబడవు. కారణం అడిగితే నవ్వాడు. అక్కడి స్టాంపు డ్యూటీ రెండున్నర లక్షల వరకు ఒక శాతం. ఒక్క పౌండు దాటినా మొత్తం ధరమీద మూడు శాతం. అంటే 2,500 కట్టేవాడు 7,500 కట్టాలి. "ఇది మా ఆఫీసులో చూసిందే కదయ్యా" అన్నాను. దొరలైనా మనమైనా పన్ను ఎక్కడ పొడిస్తే అక్కడ ఒంగి తప్పుకుంటాం. 2014 డిసెంబరులో ఆ పద్ధతి మార్చి, ఆదాయపు పన్నులాగా దాటిన భాగానికే ఎక్కువ శాతం వేయడం మొదలుపెట్టారు. అంతకుముందే, 2011లో, నోబెల్ బహుమతి పొందిన జేమ్స్ మిర్లీస్ అధ్యక్షతన వెలువడిన నివేదిక, ఇల్లు మారేవారిమీద పడే ఆ పన్నును పూర్తిగా ఎత్తేసి, ఇంటి విలువను బట్టి ఏటా కట్టే పన్ను పెట్టమని చెప్పింది. ఆ సలహా అమలు కాలేదు.

బాడుగల విషయంలోనూ వాళ్లు మనకంటే ముందే ఈ దారి నడిచారు. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో, అద్దెలకు కళ్లెం వేశారు. అప్పట్లో పదిళ్లలో తొమ్మిది ప్రైవేటు బాడుగ ఇళ్లే. 1980ల చివరికి పదింట ఒకటి కూడా మిగల్లేదు. సొంతిళ్లు పెరగడం, మున్సిపాలిటీలు ఇళ్లు కట్టడం కూడా కారణాలే. అద్దె చట్టం ఒక్కటే అంటే అన్యాయం. 1988 చట్టంతో కొత్త బాడుగలకు కళ్లెం తీశాక అలాంటి ఇళ్లు మళ్లీ పెరిగాయి. బాడుగలు కూడా పెరిగాయి, చాలామంది అవస్థ పడ్డారు. అందుకే 2025లో అద్దెదారుల రక్షణకు మళ్లీ కొత్త చట్టం చేశారు. నా మటుకు నాకు, లండన్లో బాడుగలు మండిపోవడానికి పెద్ద కారణం ఇళ్లు చాలకపోవడం. ఎక్కడ కట్టాలన్నా అనుమతి కావాలనే 1947 నాటి ప్రణాళికా చట్టం అందులో సగం పాపం మోయాలి.

ఇప్పుడు మన పింఛను మాటకొస్తాను. మన దేశంలో 1973-74లో ఆదాయపు పన్ను పై మెట్టు, సర్‌చార్జీతో కలిపి, 97.75 శాతం. వంద సంపాదిస్తే చేతిలో మిగిలేది రెండు రూపాయల పావలా. నిజంగా కట్టినవాళ్లు ఎందరో మనకు తెలియనిది కాదు. 1997లో దాన్ని 30 శాతానికి దించారు. అంతమాత్రాన మన పింఛను ఆగిపోలేదు. శాతం ఎక్కువైతే ఖజానాలో రూపాయలు ఎక్కువవుతాయన్నది గుమాస్తా లెక్క. నేనూ అలాగే లెక్కవేసేవాణ్ణి.

అయితే పన్ను తగ్గిస్తామన్న ప్రతివాడికీ చప్పట్లు కొట్టకండి. 2022 సెప్టెంబరు 23న బ్రిటన్లో లిజ్ ట్రస్ ప్రభుత్వం భారీగా పన్నులు తగ్గిస్తామంది. ఆ డబ్బు ఎక్కడినుంచి తెస్తారో లెక్క చూపలేదు. పౌండు పడిపోయింది, సర్కారు బాండ్ల ధరలు కూలాయి. ఆ దెబ్బ ముందుగా తగిలింది పింఛను నిధులకే. అయిదు రోజుల్లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు దిగి బాండ్లు కొనాల్సివచ్చింది. పదవిలోకి వచ్చిన ఏడు వారాలకే ఆమె దాన్ని వదిలారు. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 తర్వాత ఉద్యోగంలో చేరిన మన పిల్లలకు పాత పింఛను లేదు, కంట్రిబ్యూటరీ పెన్షన్ వచ్చింది. వారి సొమ్ము బజారులోనే ఉంటుంది. బజారును నమ్మేవాడు లెక్కల్లో అబద్ధాన్ని మరింత గట్టిగా కాదనాలి. ధర నిజం కాకపోతే బజారే లేదు.

మన మదనపల్లె టమోటా మార్కెట్టు చూడండి. పొద్దున వేలంలో పలికిన ధర అందరి చెవినా పడుతుంది. ఒకరోజు రైతు ఏడుస్తాడు, ఒకరోజు కొనేవాడు ఏడుస్తాడు. కానీ పలికిన ధరొకటి, రాసిన ధరొకటి అని ఎవడూ అనడు. ఇంటిస్థలం దస్తావేజుకు ఆ మాట మనం చెప్పగలమా?

నేను కోరేది పెద్ద విషయమేమీ కాదు. మన రాష్ట్రంలో స్థలం చేతులు మారితే డ్యూటీ, ఫీజు అన్నీ కలిపి సుమారు ఏడున్నర శాతం. దాన్ని ఇంకా దించండి, ఆ లోటు ఏటా కట్టే ఇంటిపన్నులో నిజమైన విలువమీద రాబట్టండి అని సర్కారును అడుగుదాం. ఇంటిపన్ను పెరిగితే మనకూ భారమే. ముందు నేను కడతాను.

సర్కారు వినేలోగా మనం చేయగలిగింది ఒకటుంది. మీ కొడుకో కూతురో రేపు స్థలం కొంటే, ఇచ్చిన ధరే రాయించమనండి. డ్యూటీ కొంచెం ఎక్కువవుతుంది. నేను 1986లో ఆ కొంచెం మిగుల్చుకున్నాను. ఆ మిగులు ఎవరి జాగాలోంచి వచ్చిందో ఏడేళ్ల తర్వాత తెలిసింది. ఆ బోండాల అవ్వ ఇప్పుడు లేదు. ఆమెతో చెప్పాల్సిన మాట మీతో చెప్పుకున్నాను.