పురపాలకసంఘము నుండి శాసనసభకు: ఆంధ్రకేసరి ప్రకాశము పంతులుగారి ప్రజాసేవ

(నరసన్నపేటలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

   

మన బ్రాహ్మణకులమున జన్మించి రాజ్యాంగపదవుల నలంకరించిన యొక మహనీయుని గూర్చి ప్రసంగింపవలసినదని కార్యనిర్వాహకులు నన్నాజ్ఞాపించిరి. నేను ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులుగారి నెంచుకొంటిని. వారు ముఖ్యమంత్రులైన సంగతి బాలురు సైత మెఱుగుదురు. అంతకు మిక్కిలి పూర్వమే వారొక పట్టణమునకు మునిసిపల్ చైర్మనుగా నుండిరన్న విషయమును మాత్రము పలువురు మఱచిరి. వీథిదీపముల యొద్దను మురుగుకాలువల యొద్దను ఆరంభమైన యా సేవ శాసనసభ వఱకు నెట్లు సాగినదో, ఆ సాగుటయందు మనకు ప్రియమైన వెవ్వియో, అప్రియమైన వెవ్వియో నిష్పక్షపాతముగా విన్నవించెదను.

పంతులుగారు 1872వ సంవత్సరము ఆగష్టు 23వ తేదీన ఒంగోలు ప్రాంతమునందలి వినోదరాయునిపాలెమున జన్మించిరి. బాల్యముననే తండ్రి గోపాలకృష్ణయ్యగారు గతింపగా తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్లయిల్లు నడపి బిడ్డలను పెంచిరి. అన్నవిక్రయము తగదని చదువుకొన్నవారము మనము. అయినను ఆ తల్లి వడ్డించిన విస్తళ్లే ఆంధ్రదేశమున కొక నాయకుని ప్రసాదించినవి. ఆ బాలుని ప్రతిభను గుర్తించి, చేరదీసి, రాజమహేంద్రవరమునకు తోడ్కొనిపోయి చదివించినవారు మిషను పాఠశాలయందలి యుపాధ్యాయులు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు. ఆ గురువు మన కులమువారు కారు; ఆ శిష్యుడు వారి కులమువాడు కాడు. పాఠశాలలయందే జీవితము గడపిన నాకు పంతులుగారి చరిత్రమున నీ ఘట్టమే యన్నిటికంటె గొప్పదిగా దోచుచుండును.

వారు రాజమహేంద్రవరమున ప్లీడరువృత్తి నవలంబించి, ఇరువదవ శతాబ్దపు తొలియేండ్లలో, గట్టిపోటీ నెదుర్కొని, ఆ పట్టణ పురపాలకసంఘమునకు అధ్యక్షులైరి. అప్పటికి వారి వయస్సు ముప్పదియేండ్లు దాటి యెంతో కాలము కాలేదు. స్థానిక స్వపరిపాలనమును గూర్చి రిప్పన్ ప్రభువు 1882లో ప్రకటించిన తీర్మానమును, దాని ననుసరించి చెన్నరాజధానిలో 1884లో నేర్పడిన పురపాలక శాసనమును మన పట్టణములకు కొంత స్వాతంత్ర్యమును ప్రసాదించినవి. కౌన్సిలర్లు తమ యధ్యక్షుని తామే యెన్నుకొను పద్ధతి క్రమముగా నెలకొన్నది. బాటలు, కాలువలు, దీపములు, మశూచికపు టీకాలు, పాఠశాలలు వారి విధులు. ఇంటిపన్ను, వృత్తిపన్ను మొదలగునవి వారి యాదాయములు.

సోదరులారా, ఈ యధికారము స్వల్పముగా గానవచ్చును. కాని దీనియందలి కష్టమును యోచింపుడు. రాజధానిలో మంత్రి విధించు పన్ను నిచ్చువాడు ఆ మంత్రిమొగ మెఱుగడు. పురాధ్యక్షుడో, తాను పన్ను విధించినవానిని మఱునాడు గుడిలోనో, అంగడిలోనో, పెండ్లిపందిటిలోనో చూడక తప్పదు. బంధువునకు తగ్గింపక, విరోధికి హెచ్చింపక పన్ను గట్టగలవాడే న్యాయమును గూర్చి మాటలాడుట కర్హుడు. నాయకత్వమునకు పురపాలకసంఘము ప్రథమ పాఠశాల యని నే ననుట యందులకే.

రెండవ తరగతి ప్లీడర్లకు హైకోర్టున వాదించు నర్హత లేకుండుటచే పంతులుగారు 1904లో బారిష్టరు చదువునకై ఇంగ్లండునకు బోయిరి. సముద్రయానము నిషిద్ధమని మనవా రనేకులు తలచుచుండిన కాల మది. 1907లో తిరిగివచ్చి మదరాసున వృత్తి నారంభించి, విశేషముగా ధనార్జన చేసి, 1921లో గాంధీమహాత్ముని పిలుపున దాని నంతటిని త్యజించి, 'స్వరాజ్య' పత్రికను స్థాపించిరి. 1928 ఫిబ్రవరి 3వ తేదీన సైమను సంఘమును బహిష్కరించినప్పుడు మదరాసు వీథిలో తుపాకులకు వారు ఱొమ్మొడ్డిన కథను మీ రెఱుగుదురు గావున విస్తరింపను.

1937లో వారు మదరాసు శాసనసభకు ఎన్నికై, రాజాజీగారి మంత్రివర్గమున రెవెన్యూమంత్రులైరి. జమీందారీ గ్రామముల రైతుల స్థితిని విచారించుటకు నేర్పడిన సంఘమునకు తామే యధ్యక్షులై 1938లో నివేదిక సమర్పించిరి. భూమికి స్వామి దున్నువాడే యనియు, జమీందారు శిస్తు వసూలు చేయువాడు మాత్రమే యనియు దాని సారాంశము. 1939లో మంత్రివర్గము రాజీనామా చేయుటచే నది యప్పుడు శాసనరూపము దాల్చలేదు. 1948లో ఎస్టేటుల రద్దు చట్టము వచ్చినది.

ఈ విషయమును మన నరసన్నపేటలో చెప్పుట కొంత కష్టము. మన ప్రక్కనున్న ఉర్లాము సంస్థానము బ్రాహ్మణ ప్రభువులది. సంస్కృతపండితులను పరీక్షించి సన్మానించుటయం దా సంస్థానము ప్రసిద్ధి కెక్కినది. జమీందారీలతో పండితుల కాశ్రయము గూడ పోయినదని విచారించిన పెద్దలు మనలో నెందఱో యుండిరి. నేనును సంస్కృతము చదివినవాడనే. ఆ విచారము నా కర్థము కాకపోలేదు. కాని పండితుని శాలువకు మూల్య మెవ్వరి చెమట యని ప్రశ్నింపక తీఱదు. పంతులుగారు ప్రశ్నించిరి. ఆ ప్రశ్నవలన తమ కులమువారికే నష్టము గలుగునని తెలిసియు వెనుదీయలేదు. రాజమహేంద్రవరమున పురాధ్యక్షుడు నేర్చిన పాఠమునే మంత్రి పెద్దయెత్తున నాచరించెను.

1946 ఏప్రిలులో వారు మదరాసు రాజధానికి ప్రధానులై, ఫిర్కాల యభివృద్ధికి పథకము నారంభించి, స్వపక్షమువారి వ్యతిరేకతచే 1947 మార్చిలో పదవి విడిచిరి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రులైరి. మఱుసటి సంవత్సరము నవంబరులో వారి మంత్రివర్గము శాసనసభయందు ఒక్క వోటు తేడాతో పడిపోయినది. మద్యనిషేధమువలన జీవనము గోల్పోయిన గీతపనివారి బాధ యందులకు ముఖ్యకారణము. వారి పక్షమున నిలిచి పోరాడినవారు మన జిల్లాలోని బారువవాసి గౌతు లచ్చన్నగారు. నిషేధము సదాశయమే, కాని తాళ్ల పైకెక్కి పొట్టబోసికొనువానికి మఱియొక దారి చూపకయే యమలైన సదాశయము వాని కూటికుండను పగులగొట్టినది. ప్రశంసలో నీ మాట యేల యందురా? దోషమును దాచిన స్తుతి భట్రాజుకవిత్వ మగును గాని చరిత్రము గానేరదు.

1957 మే 20వ తేదీన పంతులుగారు స్వర్గస్థులైరి. లక్షలార్జించిన యా బారిష్టరు వారసులకు ధనరాసులను విడువలేదు. 1972లో ఒంగోలు జిల్లాకు వారి పేరు పెట్టబడినది.

ఇక మనము చేయవలసిన దేమి? ప్రతి కులసభయందును మన కెన్ని పదవులు వచ్చెనని లెక్కించుట పరిపాటి. పంతులుగారి జీవితము ననుసరించి చూచిన నా లెక్క తలక్రిందు కావలెను. మన పదవీధరులవలన నితరుల కెంత మేలు గలిగెనని లెక్కింపవలెను. 1992నాటి రాజ్యాంగసవరణము పురపాలకసంఘములకు స్థిరమైన రాజ్యాంగప్రతిష్ఠ గల్పించి, స్త్రీలకు మూడవవంతు స్థానములు కేటాయించినది. మన యువకులును, మన యాడుబిడ్డలును శాసనసభను స్వప్నించుటకు ముందు వార్డు కాలువను శుభ్రము చేయింప నేర్తురు గాక!

పోషకమహాశయులకు ఒక మనవి. మన విద్యానిధినుండి యేటేట నొక విద్యార్థివేతనమును హనుమంతరావు నాయుడుగారి స్మృత్యర్థమై, ఏ కులమునందు బుట్టిన పేదబిడ్డ కైనను, ఒసగుడు. ఒక నాయుడుగారు మన బిడ్డను చదివించిన ఋణము వందయేండ్లు దాటినను మనపై నిలిచియున్నది. దానిని దీర్చిననాడే ప్రకాశము పంతులుగారిని మావారని చెప్పుకొనుటకు మనకు నోరు వచ్చును.

 సర్వే జనా స్సుఖినో భవంతు.