గాయానికి ఎదురెళ్లిన సర్జన్



ఈ స్మారకోపన్యాసానికి న్యూరోసర్జన్ సర్ హ్యూ కెయిర్న్స్ జీవితాన్ని ఎంచుకున్నాను. మెదడు ఆపరేషన్లలో ఆయనతో సమానమైన పనితనం ఉన్నవాళ్లు ఆ కాలంలోనూ ఉన్నారు. అయితే రోగిని తన బల్ల మీదికి తెచ్చేదాకా ఆగకుండా, దెబ్బ తగిలే చోటికే వెళ్లాలనీ, వీలైతే దెబ్బ తగలకముందే అడ్డుపడాలనీ ఆయన పట్టుబట్టారు. నాకు ఆయనలో గొప్పగా కనిపించేది ఆ పట్టుదలే.

ఆయన 1896లో దక్షిణ ఆస్ట్రేలియాలోని పోర్ట్ పిరీలో పుట్టారు. అడిలైడ్‌లో వైద్యం చదువుతుండగానే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. చదువు ఆపి, మామూలు సైనికుడిగా వైద్య దళంలో చేరి లెమ్నోస్ దీవికి వెళ్లారు. జబ్బుపడి తిరిగొచ్చి, 1917లో పట్టా పుచ్చుకుని, ఈసారి డాక్టరుగా ఫ్రాన్స్ వెళ్లారు. ఆ తర్వాత రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్ చేరారు. 1926లో బోస్టన్ వెళ్లి అమెరికన్ న్యూరోసర్జన్ హార్వీ కుషింగ్ దగ్గర ఏడాదిపాటు శిష్యరికం చేశారు. కుషింగ్ కూడా యుద్ధభూమిలో తల గాయాలకు ఆపరేషన్లు చేసినవాడే. తొందరపడకుండా ప్రతి రక్తపు బొట్టునూ అదుపు చేస్తూ గంటల తరబడి పనిచేసే ఆ పద్ధతిని కెయిర్న్స్ లండన్‌కు తెచ్చారు. 1937లో ఆక్స్‌ఫర్డ్‌లో తొలి నఫీల్డ్ సర్జరీ ప్రొఫెసర్ అయ్యారు.

1939లో మళ్లీ యుద్ధం. తలకు తూటా తగిలిన సైనికుడికి మొదటి ఆపరేషనే అసలైన ఆపరేషన్. దాన్ని అనుభవం లేని చేతులు తొందరగా ముగిస్తే లోపల మిగిలిన ఎముక ముక్కలు, మట్టి, వెంట్రుకలు చీము పట్టిస్తాయి. తర్వాత ఎంత గొప్ప సర్జన్ పూనుకున్నా చేయగలిగింది కొంచెమే. అందుకే కెయిర్న్స్ రెండు వైపుల నుంచి పని మొదలుపెట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ హ్యూస్ కాలేజీ 1940లో తల గాయాల సైనిక ఆసుపత్రిగా మారింది. అక్కడ తయారైన సర్జన్, న్యూరాలజిస్ట్, మత్తు డాక్టరు, నర్సులు, ఆర్డర్లీలు ఒక జట్టుగా, తమ పరికరాలు వాహనంలో వేసుకుని యుద్ధరంగానికే వెళ్లారు. ఫ్రాన్స్ వెళ్లిన మొదటి దళం డంకర్క్ తిరోగమనంలో శత్రువుకు చిక్కింది. కెయిర్న్స్ వెనక్కి తగ్గలేదు. తర్వాతి దళాలు ఉత్తర ఆఫ్రికా ఎడారిలోనూ, ఇటలీలోనూ పనిచేశాయి.

1943లో ఆయన, పెన్సిలిన్‌ను మందుగా మలచిన, అడిలైడ్‌లోనే చదివిన హోవర్డ్ ఫ్లోరీ కలిసి ఉత్తర ఆఫ్రికా వెళ్లారు. పెన్సిలిన్ అప్పటికి చాలా అరుదైన మందు. యుద్ధగాయాన్ని కుట్టకుండా తెరిచి ఉంచాలన్నది నాటి సర్జన్లు కష్టపడి నేర్చుకున్న నియమం. పాడైన కండను కోసేసి, పెన్సిలిన్ వేసి, గాయాన్ని త్వరగా మూసేయవచ్చని వీళ్లిద్దరూ చూపించారు.

ఇక దెబ్బ తగలకముందే అడ్డుపడే హెల్మెట్ సంగతి. 1935 మేలో ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరున్న టి.ఇ. లారెన్స్ మోటార్‌సైకిల్ మీద వెళ్తూ, సైకిళ్ల మీదున్న ఇద్దరు కుర్రాళ్లను తప్పించబోయి పడిపోయారు. తలకు దెబ్బ. ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి కన్నుమూశారు. ఆయనను చూసిన డాక్టర్లలో కెయిర్న్స్ ఒకరు. కెయిర్న్స్ హెల్మెట్ పరిశోధనకు ఆ మరణమే కారణమని చాలామంది రాస్తారు. అంత సూటిగా ముడిపెట్టడానికి నాకు మనసు ఒప్పదు. మధ్యలో ఆరేళ్లున్నాయి. ఆయనను కదిలించినవి యుద్ధకాలపు అంకెలు. యుద్ధం మొదలైన 21 నెలల్లో బ్రిటన్ రోడ్ల మీద 2,279 మంది మోటార్‌సైకిల్ నడిపేవాళ్లు, వెనక కూర్చున్నవాళ్లు చనిపోయారు. శత్రువును చూడకుండానే, ఉత్తర్వులు చేరవేస్తూ చీకటి రోడ్ల మీద పోయిన సైనికులు వీళ్లలో ఉన్నారు. 1941 అక్టోబరులో ఆయన బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం రాశారు. హెల్మెట్ పెట్టుకుని పడినవాళ్లు ఆయనకు దొరికింది ఏడుగురే. ఏడుగురూ బతికారు. అంత చిన్న సంఖ్య మీద, హెల్మెట్ ప్రాణాలు కాపాడుతుందన్న పెద్ద మాట ఆయన చెప్పారు. నవంబరులో డ్యూటీ మీదున్న సైనిక మోటార్‌సైకిలిస్టులందరికీ హెల్మెట్ తప్పనిసరి చేస్తూ సైన్యం ఉత్తర్వు ఇచ్చింది. ఆయన అక్కడితో ఆగలేదు. హోల్‌బోర్న్ అనే భౌతికశాస్త్రవేత్తను కలుపుకుని, తల మీద దెబ్బ లోపల మెదడును ఎలా మెలితిప్పుతుందో, ప్రమాదంలో పగిలిన హెల్మెట్లు ఏం చెబుతాయో పరిశీలించారు. 1946లో మళ్లీ రాసి, ఉత్తర్వు వచ్చాక మరణాలు ఎలా తగ్గుతూ వచ్చాయో చూపించారు.

యుద్ధం అయ్యాక క్షయ మెనింజైటిస్‌కు స్ట్రెప్టోమైసిన్ చికిత్స మీద పనిచేశారు. 1952లో క్యాన్సర్‌తో పోయారు. అప్పటికి 56 ఏళ్లే. బ్రిటన్‌లో పౌరులకు హెల్మెట్ చట్టం 1973లో గాని రాలేదు. మన మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. హెల్మెట్ తప్పనిసరి చేసే దాని 129వ సెక్షన్ వెనక కూర్చునేవాళ్లకూ వర్తిస్తుంది. మన ఊళ్లలో వెనక సీటు మీద చీర కొంగు సర్దుకుంటూ, ఒళ్లో బిడ్డతో వెళ్లే తల్లి తల మీద మనకు హెల్మెట్ ఎంత తరచుగా కనిపిస్తుంది?

పీజీ విద్యార్థులను ఒకటి అడుగుతాను. అర్ధరాత్రి క్యాజువాలిటీకి తల గాయం వచ్చినప్పుడు, మొదటి పనులు ముగిశాక, కేసు షీటులో మరో రెండు లైన్లు రాయండి. రోగి బండి నడుపుతున్నారా, వెనక కూర్చున్నారా. హెల్మెట్ ఉందా, ఉంటే పట్టీ బిగించి ఉందా. కెయిర్న్స్ సైన్యాన్ని ఒప్పించింది ఇలాంటి లైన్లతోనే. ఈ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లు ఈ రాత్రే మొదలుపెట్టండి.