లెక్క రాసేవాడి చేతిలో కాలం

(జోడ్‌భావి పేట్‌లో జరిగిన స్కాలర్‌షిప్‌ల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను చరిత్ర పాఠాలు చెప్పి బతికినవాణ్ణి. "పిల్లలకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పండి సార్" అని ట్రస్టువాళ్ళు అడిగారు. బాగా చదవండి, గొప్పవాళ్ళు కండి అని మిగతా పెద్దలు చెబుతారు. నేను క్యాలెండర్ గురించి చెబుతాను. మన ఇంట్లో గోడకు మేకు కొట్టి తగిలిస్తామే, అదే. దాని వెనక రోము నాయకుల కథ ఉంది. చివర్లో నా సొంత కథ కూడా ఒకటి ఉంది.

ముందు మన ఊరి సంగతి చూద్దాం. షోలాపూర్‌లో ఒకే గోడ మీద మూడు లెక్కలు నడుస్తాయి. సిద్ధేశ్వరుడి గడ్డా యాత్ర మకర సంక్రాంతికి జరుగుతుంది. అది సూర్యుడి లెక్క. అందుకే ఏటా జనవరి 14 చుట్టుపక్కలే వస్తుంది. మన మార్కండేయుడి రథం శ్రావణ పున్నమికి, అంటే మన నూలు పున్నమికి కదులుతుంది. అది చంద్రుడి లెక్క. ఒక ఏడు ఆగస్టు మొదట్లో వస్తే ఇంకో ఏడు నెలాఖరుకు వస్తుంది. అయినా వానాకాలం దాటి పోదు. సుమారు మూడేళ్ళకు ఒకసారి అధిక మాసం కలిపి చంద్రుణ్ణి సూర్యుడితో సరిచేస్తారు కాబట్టి. మొహర్రానికి ఆ సర్దుబాటు లేదు. అది ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ అన్ని ఋతువులూ తిరిగి వస్తుంది.

మన ఉగాది, మరాఠీవాళ్ళ గుడి పాడ్వా ఒకటే రోజు. ఇద్దరిదీ శాలివాహన శకమే. ఆ శకం క్రీ.శ. 78లో మొదలైంది. అది శక రాజుల కాలంలో పుట్టిన లెక్క అని, శాలివాహనుడి పేరు దానికి కొన్ని వందల ఏళ్ళ తర్వాత చేరిందని చరిత్రకారులు చెబుతారు. అంటే ఏళ్ళ లెక్కకు కూడా ఎవరో ఒక రాజు పేరు తగిలించడం మనకూ అలవాటే. ఈ విషయంలో రోమువాళ్ళు మనకంటే చాలా దూరం వెళ్ళారు.

సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, డిసెంబరు అనే పేర్లు ఒకసారి పైకి అనండి. సప్త, అష్ట, నవ, దశ అని వినబడటం లేదూ? లాటిన్, సంస్కృతం ఒకే భాషా కుటుంబానికి చెందినవి. ఏడో నెల, ఎనిమిదో నెల అనే వాటి అర్థం. మరి సెప్టెంబరు తొమ్మిదో నెల ఎలా అయింది? పూర్వం రోమన్లకు ఏడాది మార్చితో మొదలయ్యేది. కాన్సల్ అనే అత్యున్నత అధికారులను ఏటా ఇద్దరిని ఎన్నుకునేవారు. క్రీ.పూ. 153లో స్పెయిన్‌లో యుద్ధం వచ్చింది. కాన్సల్ సైన్యంతో త్వరగా బయలుదేరాలని పదవీ స్వీకారాన్ని జనవరి 1కి జరిపారు. ఏడాది మొదలు మారింది, నెలల పేర్లు మాత్రం పాతవే మిగిలాయి.

ఆనాటి రోము ఏడాదికి 355 రోజులు. సూర్యుడి కంటే పది రోజులు తక్కువ. ఆ లోటు పూడ్చడానికి వాళ్ళూ అప్పుడప్పుడు అధిక మాసం కలిపేవారు. తేడా ఎక్కడుందంటే, మన అధిక మాసం గణితం ప్రకారం వస్తుంది. గద్దె మీద ఎవరున్నా అది ఆగదు. రోములో దాన్ని పూజారుల మండలి నిర్ణయించేది. ఆ పూజారులు రాజకీయ నాయకులు కూడా. తమవాడు పదవిలో ఉంటే అధిక మాసం కలిపి ఏడాదిని సాగదీసేవారు. గిట్టనివాడు ఉంటే ఎగ్గొట్టేవారు. సిసిరో అనే గొప్ప వక్త క్రీ.పూ. 51లో సిలీషియాకు గవర్నరుగా వెళ్ళాడు. ఆ ప్రాంతం ఇప్పుడు టర్కీలో ఉంది. ఆయనకు అక్కడ ఉండటం ఇష్టం లేదు. తన గడువు పెరగకుండా ఈసారి అధిక మాసం కలపనివ్వకండి అని రోములోని మిత్రులకు ఉత్తరాలు రాశాడు. అంతటివాడే అలా బతిమాలుకుంటే, సామాన్యుడి గతి ఏమిటో ఆలోచించండి.

ఇంకో సంగతి. నెల మొదటి రోజును వాళ్ళు కలెండే అనేవారు. వడ్డీ కట్టాల్సిన రోజు అదే. అప్పుల చిట్టా పుస్తకాన్ని కలెండారియం అనేవారు. క్యాలెండర్ అనే మాట అక్కడి నుంచే వచ్చింది. అంటే పండుగల కంటే ముందు ఆ మాటలో బాకీ ఉంది. నెల ఎప్పుడు నిండుతుందో తెలియకపోతే బాకీ ఉన్నవాడి అవస్థ ఎలా ఉంటుందో ఈ సభలోని తల్లిదండ్రులకు నేను చెప్పనక్కర్లేదు.

పిల్లలూ, ఈ కథలో నాకు అందరికంటే ఇష్టమైన మనిషి సీజరు కాడు. గ్నేయస్ ఫ్లేవియస్ అనే గుమాస్తా. అతని తండ్రి బానిసత్వం నుంచి విడుదలైనవాడు. ఆ రోజుల్లో న్యాయస్థానం ఏ రోజున పని చేస్తుంది, ఏ రోజున చేయదు అన్నది పూజారులకే తెలుసు. దావా వేయాలంటే వెళ్ళి వాళ్ళనే అడగాలి. క్రీ.పూ. 304లో ఫ్లేవియస్ ఈడైల్ అనే పదవికి ఎన్నికయ్యాడు. ఆ రోజుల పట్టికను తెల్ల పలకల మీద రాయించి, ఊరి నడిమధ్య చౌకులో అందరికీ కనబడేలా పెట్టించాడని రోము చరిత్రకారుడు లివీ రాశాడు. పెద్ద కుటుంబాలవాళ్ళకు కోపం వచ్చింది. కానీ బయటపడిన లెక్కను మళ్ళీ ఎవరూ దాచలేకపోయారు. చదువు వచ్చిన ఒక పేదింటి కొడుకు కత్తి పట్టకుండా చేసిన పని ఇది.

అయితే అధిక మాసం తాళంచెవి మాత్రం పూజారుల దగ్గరే ఉండిపోయింది. జూలియస్ సీజరు క్రీ.పూ. 63లో ప్రధాన పూజారి అయ్యాడు. తర్వాత ఏళ్ళ తరబడి యుద్ధాల్లో రోముకు దూరంగా గడిపాడు. లెక్క చూసేవాడు లేక క్యాలెండర్ ఋతువుల కంటే దాదాపు మూడు నెలలు తప్పింది. చివరికి ఆయనే సరిచేశాడు. అలెగ్జాండ్రియా పండితుడు సోసిజెనెస్ సలహా తీసుకుని, క్రీ.పూ. 46వ సంవత్సరానికి 90 రోజులు అదనంగా చేర్చి 445 రోజులు చేశాడు. మరుసటి ఏడు నుంచి 365 రోజులు, నాలుగేళ్ళకు ఒకసారి ఒక రోజు ఎక్కువ. ఇక ఏ పూజారీ ఏడాదిని సాగదీయలేడు, కుదించలేడు. సీజరు నియంత, అందులో సందేహం లేదు. అయినా ఈ ఒక్క విషయంలో అధికారాన్ని మనిషి చేతిలోంచి తీసి గణితం చేతిలో పెట్టాడు.

క్రీ.పూ. 44 మార్చి 15న ఆయన్ని చంపేశారు. ఆ ఏడే ఆయన పుట్టిన నెలకు జూలై అని పేరు పెట్టారు. తర్వాత పూజారులు నాలుగేళ్ళకు ఒకసారి అన్న మాటను తప్పుగా లెక్కబెట్టి మూడేళ్ళకే రోజు కలుపుతూ పోయారు. అగస్టస్ చక్రవర్తి కొన్ని లీపు సంవత్సరాలు వదిలేయించి ఆ తప్పు దిద్దాడు. క్రీ.పూ. 8లో ఒక నెలకు ఆయన పేరు వచ్చింది. జూలైతో సమానం కావాలని ఆయన ఫిబ్రవరి నుంచి ఒక రోజు లాక్కున్నాడని మేమంతా తరగతిలో చెప్పేవాళ్ళం. అది నిజం కాదు. సీజరుకు ముందే ఫిబ్రవరికి 28 రోజులు ఉన్నట్టు ఇటలీలో దొరికిన ఒక పాత గోడ క్యాలెండర్ చూపిస్తోంది. నేను తప్పు చెప్పిన పిల్లలకు ఈ వేదిక మీద నుంచి క్షమాపణ చెబుతున్నాను.

నవంబరుకు మీ పేరు పెడతామని తర్వాతి చక్రవర్తి టైబీరియస్‌ను కొందరు అడిగారట. పదమూడో సీజరు వస్తే ఏం చేస్తారు అని ఆయన ఎదురడిగాడట! నీరో, డొమిషియన్, కొమోడస్ నెలలకు తమ పేర్లు పెట్టుకున్నారు. ఒక్కటీ నిలవలేదు. లెక్క దిద్దిన ఇద్దరి పేర్లే మిగిలాయి.

సీజరు లెక్కలో కూడా ఏడాదికి 11 నిమిషాల తేడా ఉంది. అది పోగుపడి పది రోజులైంది. 1582లో పోప్ గ్రెగరీ అక్టోబరు 4 మరునాడు అక్టోబరు 15 అని ప్రకటించి సరిచేశాడు. మన దేశంలో మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో వేసిన సంఘం సుమారు ముప్ఫై రకాల క్యాలెండర్లు వాడుకలో ఉన్నాయని గుర్తించింది. దాని సిఫారసుతో 1957 మార్చి 22న, శక 1879 చైత్రం 1గా, జాతీయ క్యాలెండర్ అమల్లోకి వచ్చింది. శాస్త్రం చక్కగా ఉన్నా అది ఇళ్ళలోకి రాలేదు. ప్రజలకు తమ పండుగ, తమ జీతం, తమ బడి ఏ కాగితంలో ఉంటే అదే క్యాలెండర్.

ఇప్పుడు నా కథ. నన్ను బడిలో వేసింది 1961 జూన్‌లో. ఆరేళ్ళు నిండితేనే చేర్చుకుంటారు. మా నాన్న మగ్గం మీద, అమ్మ బీడీల దగ్గర. ఇంటి పక్కాయన నన్ను తీసుకెళ్ళాడు. పుట్టిన తేదీ అడిగితే ఆయనకు తెలియదు. రిజిస్టరులో 1955 జూన్ 1 అని రాసేశారు. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళను అడగండి, జూన్ 1న పుట్టినవాళ్ళు ఎంతమంది ఉన్నారో తేలుతుంది. ఏ బడి, ఏ మాస్టారు అన్నది అనవసరం. అప్పట్లో అందరూ చేసిన పనే.

మా అమ్మకు చదువు రాదు. కానీ "దుర్ముఖి నామ సంవత్సరం, నూలు పున్నమి వెళ్ళిన ఐదో నాడు పుట్టావు బిడ్డా" అని ఎప్పుడూ చెప్పేది. కాలేజీలో చేరాక పాత పంచాంగం తీసి చూశాను. మన ఊరి నుంచే దాతే పంచాంగం వెలువడుతుంది కదా, పాతవి దొరకడం కష్టం కాలేదు. దుర్ముఖి అంటే 1956. తేదీ ఆగస్టు చివరి వారంలో పడింది. అక్షరం రాని అమ్మ లెక్క సరిగ్గా ఉంది, అక్షరాల రిజిస్టరు తప్పింది. కానీ అప్పటికే మెట్రిక్ సర్టిఫికెట్ మీద జూన్ 1 అచ్చయిపోయింది. మార్చుకోవడానికి తిరిగాను, కుదరలేదు.

58 ఏళ్ళు నిండాయని 2013 మే 31న రిటైరయ్యాను. అమ్మ లెక్క ప్రకారం ఇంకా ఏడాది మీద దాదాపు మూడు నెలల ఉద్యోగం ఉంది. మా చిన్నమ్మాయి అప్పుడు చివరి ఏడాది చదువుతోంది. ఆ ఏడాది ఫీజు నేను వడ్డీకి తెచ్చి కట్టాను. సిసిరో గడువు పెరుగుతుందని భయపడ్డాడు, నా గడువు ఒక కలం పోటుతో తరిగిపోయింది. అందుకే రోము కథ చెప్పేటప్పుడు నాకది పరాయి దేశం కథలా అనిపించదు.

తల్లిదండ్రులకు నా మనవి ఇది. 1969 చట్టం ప్రకారం పుట్టుక నమోదు తప్పనిసరి. 2023 అక్టోబరు 1 నుంచి, ఆ తేదీన, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరాలన్నా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. పేరు, తేదీ, తండ్రి పేరు మీరే చదివించుకుని చూసుకోండి. పదో తరగతి పరీక్ష ఫారం నింపే ముందు ఆధార్‌తో, బడి రిజిస్టరుతో సరిచూడండి. తర్వాత మార్చడం చాలా కష్టం.

పిల్లలూ, మీకు అందిన ఈ కవరులో డబ్బు కొంచెమే ఉంటుంది. దానికంటే పెద్ద బాధ్యత ఒకటి మీ మీద ఉంది. స్కాలర్‌షిప్ గడువు, ఫారం చివరి తేదీ మీకు తెలియగానే మీ సందులో ఇంకో నలుగురికి చెప్పండి. గోడ మీద రాసి పెట్టండి. అమ్మానాన్నల జీతం చిట్టా, బాకీ చిట్టా చదివి వినిపించండి. రేపు మీలో ఎవరో గుమాస్తా అవుతారు, టీచరు అవుతారు, ఆఫీసరు అవుతారు. మీ బల్ల ముందు ఒక తల్లి నిలబడి "నూలు పున్నమి వెళ్ళిన ఐదో నాడు" అంటుంది. అప్పుడు కలం పక్కన పెట్టి, పంచాంగం తీసి, సరైన తేదీ వెతికి రాయండి. మీ దగ్గర నాకు కావలసింది అంతే.

 జై మార్కండేయ.