పాత బండి, కొత్త నురుగు

ఈవారం కబుర్లలో వంటలూ లేవు, వీసాలూ లేవు. మా పాత మోటర్‌హోమ్ గురించీ, దాని సందులు పూడ్చడానికి నేను కొన్న నురుగు డబ్బా గురించీ చెబుతాను. బండి లేనివాళ్ళు కూడా వినండి. ఇంటి కిటికీల చుట్టూ కొట్టేదీ ఈ నురుగే.

మేముండేది స్టుట్‌గార్ట్ దగ్గర. మా బండి 1991 నాటిది. జర్మనీలో 30 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బళ్ళకి 1997 నుంచి హెచ్ అక్షరమున్న నంబరు ప్లేటు ఇస్తున్నారు. పన్ను ఏడాదికి 191 యూరోలే. ఆ ఆశతోనే కొన్నాం. ఇంటిల్లిపాదీ కలిసి తిరగాలన్న కోరిక ఈ దేశానికి కొత్త కాదు లెండి. 1931లోనే ఆరిస్ట్ డెత్లెఫ్స్ అనే వ్యాపారి, ఊళ్ళు తిరిగేటప్పుడు ఇంటివాళ్ళు కూడా వెంట ఉండాలని, కారు వెనక లాక్కుపోయే గది ఒకటి తయారుచేశాడు.

ఇలాంటి పాత బళ్ళలో చాలావాటికి గోడ అంటే బయట పల్చటి అల్యూమినియం రేకు, లోపల ప్లైవుడ్, మధ్యలో కర్ర చట్రం, థర్మోకోల్. మూలల్లో పట్టీల కింద ఉండే జిగురు ఏళ్ళు గడిచేకొద్దీ ఎండి పగులుతుంది. వాన నీళ్ళు అక్కడ దూరతాయి. పైకి ఏమీ కనపడదు, లోపల కర్ర మాత్రం పుచ్చిపోతుంది.

పోయిన ఏడాది వసంతంలో డ్రైవరు సీటు పైన ఉండే పడక మూల చిన్న మరక కనిపించింది. నేను లోపలివైపు నుంచి పాలీయురేథేన్ నురుగు కొట్టేశాను. గాలిలో తేమ తగిలి అది ఉబ్బి గట్టిపడింది. పైకి వచ్చింది కత్తితో కోసి, రంగు వేశాను. మరక మాయం. పావుగంట పని! మా ఆవిడ దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను.

అక్టోబరులో మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. బండిలో కూర్చోగానే, “ఒరే నాన్నా, కాళ్ళకి చలిగాలి కొడుతోందిరా” అంది. వంగి చూస్తే గ్యాసు పొయ్యి కింద నేలలో ఒక కన్నం. డబ్బా తీసుకుని, గొట్టం అందులో పెట్టాను. బయట నుంచి పక్కింటి పెద్దాయన చూశారు. రిటైరైన వడ్రంగి. “ఆగండి, ఆగండి! ఆ కన్నం ఎందుకుందో తెలుసా?” అని గట్టిగా అరిచారు.

నాకు తెలియదు. వంటకి వాడే ప్రొపేన్, బ్యూటేన్ గాలికంటే బరువు. కారితే కిందికి దిగి, నేలమీద పేరుకుంటుంది. అది బయటికి పోవడానికే ఆ కన్నం. మూసేసి ఉంటే, ఏ రాత్రో గ్యాసు కారి, పొద్దున అగ్గిపుల్ల గీస్తే... అమ్మా, పిల్లలూ పడుకునేది అందులోనే. పైగా గ్యాసు ఫ్రిజ్ వెలుగుతూ ఉంది. నురుగు డబ్బాలో తోసే వాయువు కూడా అంటుకునేదే. చేతులు వణికాయి. ఇక్కడ ఇలాంటి బళ్ళ గ్యాసు అమరికకి రెండేళ్ళకోసారి పరీక్ష ఉంటుంది. 2025 జూన్ నుంచి చట్టరీత్యా తప్పనిసరి కూడా అయింది.

ఆయన అంతటితో ఆగలేదు. పడక మూల స్క్రూడ్రైవరుతో నొక్కితే ప్లైవుడ్ బూరెలా లోపలికి దిగింది. నేను కోసిన నురుగు స్పాంజిలా నీళ్ళు పట్టుకుని ఉంది. బయట దారి మూయకుండా లోపల మూశాను కదా, ఎండాల్సిన కర్ర ఎండలేదు.

ఆ చలికాలం ఒక చెక్కమీద ఒకే కొలతలో మూడు సందులు చేసి, బాల్కనీలో పెట్టాను. ఒకదానిలో డబ్బా నురుగు. రెండోదానిలో ఇక్కడ కొంప్రిబాండ్ అనే నురుగు టేపు. నొక్కి చుట్టగా చుట్టి అమ్ముతారు, అంటించాక మెల్లగా ఉబ్బి సందు నింపుతుంది. మూడోదానిలో బ్యూటైల్ అనే జిగురు ముద్ద. వారానికి రెండుసార్లు నీళ్ళు కొట్టాను. కోసిన నురుగు నీళ్ళు పీల్చింది. టేపు ఆపింది కానీ, అంచులు తిన్నగా ఉన్నచోటే. చలిలో ఉబ్బడానికి రోజులు పట్టింది. బ్యూటైల్ చుక్క దిగనివ్వలేదు, లాగితే మళ్ళీ ఊడివచ్చింది కూడా. పాత బండికి అదే ముఖ్యం. మళ్ళీ విప్పాల్సి వస్తుంది కదా.

వసంతంలో బయటి పట్టీ విప్పి, పుచ్చిన కర్ర మార్చి, అంతా ఎండాక బ్యూటైల్ పెట్టి బిగించాం. నురుగు టేపు పక్కనున్న సామాను అర తలుపు చుట్టూ వేశాం. సిలికాన్ జోలికి పోలేదు. అది ఒకసారి అంటితే, దానిమీద ఇంకే జిగురూ, రంగూ పట్టదు. డబ్బా నురుగు కొట్టాల్సి వస్తే ఇప్పుడు గ్యాసు ఆపి, తలుపులు తెరిచి, చేతి తొడుగులూ కళ్ళద్దాలూ పెట్టుకుంటాను. నేలలో కన్నాలు మాత్రం ముట్టుకోను. అమ్మకి ఉన్ని మేజోళ్ళు కొన్నాం.

మా అమ్మమ్మగారి పెంకుటింట్లో వాన కారితే కింద గిన్నె పెట్టేవారు. వాన వెలిశాక పైకెక్కి పగిలిన పెంకు ఎక్కడుందో వెతికేవారు. నేను గిన్నె పెట్టి, పెంకు మార్చాననుకున్నాను. ఇప్పుడు తెనాలి నుంచి ఫోను వచ్చినప్పుడల్లా అమ్మ మొదటి ప్రశ్న, “బండి కారుతోందా?” రెండోది, “ఆ కన్నం అలాగే ఉంచావా?”

ఉంచానమ్మా. సెలవు.