ఆ తోట కింద ఎవరి మట్టి?



ఈ రోజు మేము దూరదేశపు ఒక తోట గురించి చెప్పాలనుకున్నాం. మన సభలో అమెరికా తోట ఎందుకని మీకు అనిపించవచ్చు. చివరిదాకా వినండి, అది మన ముచ్చటే.

మిస్సిసిపీ నది ఒడ్డున సెయింట్ లూయిస్ అనే నగరం ఉంది. ఆ ఊరి నడిబొడ్డున, పెద్ద పెద్ద ఆఫీసుల మధ్య 2009 జులైలో సిటీగార్డెన్ అనే శిల్పాల తోట తెరిచారు. మూడు ఎకరాలకు కాస్త తక్కువ ఉంటుంది. స్థలం నగరానిది. కట్టడానికి అయిన సుమారు 3 కోట్ల డాలర్లు గేట్‌వే ఫౌండేషన్ అనే ప్రైవేటు సంస్థ పెట్టింది. శిల్పాలను సమకూర్చిందీ ఆ సంస్థే.

జనం దాన్ని సంతోషంగా తమది చేసుకున్నారు. ప్రహరీ లేదు, గేటు లేదు, టికెట్ లేదు. పక్కకు ఒరిగి పడుకున్న ఒక పెద్ద కంచు తల ఉంది, లోపలంతా డొల్ల. పిల్లలు అందులో దూరి కళ్ల రంధ్రాల్లోంచి తొంగి చూస్తారు. గడ్డిలో రెండు పెద్ద తెల్ల కుందేళ్లున్నాయి. నేలలోంచి చిమ్మే నీళ్లలో ఎండాకాలం పిల్లలంతా తడుస్తారు. 2011లో ఆ తోటకు అమెరికాలో మంచి బహిరంగ స్థలానికిచ్చే పెద్ద పురస్కారం కూడా వచ్చింది.

ఆ పక్క బ్లాకులోనే ఇంకో శిల్పం ఉంది. రిచర్డ్ సెర్రా అనే పేరున్న శిల్పి ఎనిమిది ఉక్కు పలకలతో చేసిన 'ట్వెయిన్'. 1982లో పెట్టారు. తుప్పు పట్టిన ఇనుమని చాలామంది ఈసడించారు, తీసేయమని కూడా అన్నారు. ఊరొకటే, వీధొకటే, మరి ఇంత తేడా ఎందుకు? మాకు తోచింది ఇది: బొమ్మ ఎంత గొప్పదని జనం ముందుగా అడగరు. అక్కడ మాకు చోటుందా, మా పిల్లలు ముట్టుకోవచ్చా అని చూస్తారు.

ఇంతవరకు మంచి కథే. అయితే ఆ ఊరికి ఒక పాత ముద్దుపేరు ఉంది: 'దిబ్బల నగరం'. తెల్లవాళ్లు రాకముందు అక్కడి ఆదివాసులు బుట్టలతో మట్టి మోసి పెద్ద పెద్ద దిబ్బలు కట్టారు. కొన్నిటిలో తమ పెద్దలను పూడ్చుకున్నారు. నగరం పెరుగుతుంటే ఆ దిబ్బలను ఒక్కొక్కటిగా తవ్వేశారు. అన్నిటికన్నా పెద్దదైన 'బిగ్ మౌండ్' 1869 నాటికి నేలమట్టమైంది. ఆ మట్టిని రైలు దారి పనులకు వాడుకున్నారు. నగరం హద్దుల్లో ఇప్పుడు మిగిలింది ఒక్కటే, షుగర్‌లోఫ్ దిబ్బ.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. తోట తెరిచిన ఆ 2009లోనే, ఓసేజ్ అనే ఆదివాసీ జాతి తమ సొంత డబ్బుతో షుగర్‌లోఫ్ దిబ్బలో కొంత భాగాన్ని కొనుక్కుంది. వాళ్లను ఆ నేల నుంచి వెళ్లగొట్టి అప్పటికి రెండు వందల ఏళ్లు కావస్తోంది. తమ తాతల మట్టిని తామే ధర కట్టి కొనుక్కోవలసి వచ్చింది. తోటకు వచ్చిన చప్పట్లలో సగమైనా ఆ దిబ్బకు వచ్చాయా?

తోట కట్టినవాళ్లను తిట్టడానికి మేము ఇది చెప్పడం లేదు. పిల్లలు నవ్వే చోటు ఎవరు కట్టినా మంచిదే. కానీ కొత్త బొమ్మకు కోట్లు దొరికిన ఊళ్లోనే పాత గుర్తు దిక్కులేకుండా పోగలదు. ఇది మనకూ జరగవచ్చు.

మన మేడారం గద్దెలు చూడండి. అక్కడ విగ్రహాలు లేవు. వెదురు, కుంకుమ భరిణె మన తల్లులు. మన జ్ఞాపకం రాయిలో, చెట్టులో, మట్టిలో ఉంటుంది. బయటివాళ్ల కంటికి అది ఖాళీ స్థలంలా కనిపిస్తుంది. రేపు ఏ కంపెనీయో వచ్చి, ఇక్కడ పార్కు కడతాం, మీ వీరుడి విగ్రహం పెడతాం అంటే వెంటనే పూలదండ తేకండి. వద్దని రాళ్లూ వేయకండి. మూడు మాటలు అడగండి.

ఆ నేల మీద ఇంతకుముందు ఏముంది? ఏం పెట్టాలో ఎవరు నిర్ణయించారు? పెట్టాక మన ముసలమ్మ చెప్పులు విడిచి అక్కడ కాసేపు కూర్చోగలదా?

అడిగే హక్కు మనకుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభదేనని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. కానీ గ్రామసభలో మాట్లాడాలంటే మన ఊరి గుర్తులు మనకు తెలియాలి కదా.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ చేతుల్లో ఫోన్లున్నాయి. ఈ సెలవుల్లో మీ తాతతో, అవ్వతో ఊరి చుట్టూ ఒకసారి తిరగండి. ఏ రాయికి ఏ పేరు, ఏ చెట్టు కింద ఏ వేల్పు, ఎక్కడ ఎవరిని మట్టి చేశారు, అడిగి వాళ్ల గొంతులోనే రికార్డు చేసి పెట్టండి. ఓసేజ్ వాళ్లు కొనుక్కోవలసి వచ్చిన దాన్ని మనం పోగొట్టుకోకముందే తెలుసుకుందాం.